పరీక్షలో ఇన్ఫెక్షన్ లేదు, మంట మాత్రం తగ్గదు: మూత్రాశయపు నొప్పి జబ్బు గురించి తెలుసుకుందాం

ఈ నెల ఆరోగ్య పాఠంలో, మనవాళ్ళు నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడే ఒక బాధను గురించి నేర్చుకుందాం. అది మూత్రాశయపు నొప్పి జబ్బు. డాక్టర్లు దీనిని "ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్" అనీ, "బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్" అనీ అంటారు. పేరు పెద్దదైనా విషయం కష్టమైనది కాదు. ఓపికగా చదవండి. ఇంట్లో చదవడం రానివారికి చదివి వినిపించండి.

మూత్రంలో మంట అనగానే మనకు తోచేవి రెండే మాటలు. ఒకటి "వేడి చేసింది", రెండవది "ఇన్ఫెక్షన్ వచ్చింది". మొదటిదానికి బార్లీ నీళ్ళు, సబ్జా నీళ్ళు తాగుతాము. రెండవదానికి మందుల షాపులో నాలుగు బిళ్ళలు కొని మింగుతాము. చాలామందికి అంతటితో తగ్గుతుంది. కొందరికి మాత్రం తగ్గదు. నెల తిరిగేసరికి మళ్ళీ అదే మంట, అదే పోటు. యూరిన్ పరీక్ష చేయిస్తే "ఏమీ లేదు" అని వస్తుంది. "పరీక్షలో ఏమీ లేదు కాబట్టి నీకు ఏ జబ్బూ లేదు, అంతా నీ మనసులోనే ఉంది" అని ఇంట్లోవాళ్ళు అంటారు. అలా మాటలు పడ్డ అక్కచెల్లెళ్ళు మా ఓ.పి.లో కన్నీళ్ళు పెట్టుకుంటారు. వారి కోసమే ముఖ్యంగా ఈ పాఠం.

ఈ జబ్బు ఏమిటి?

మన పొత్తికడుపులో మూత్రం నిలువ ఉండే సంచిని మూత్రాశయం అంటాము. ఆరోగ్యంగా ఉన్నవారి సంచి సుమారు 300 నుండి 500 మిల్లీలీటర్ల వరకు నొప్పి లేకుండా పట్టుకుంటుంది. ఈ జబ్బు ఉన్నవారికి 100 మి.లీ. నిండేసరికే పోటు మొదలు కావచ్చు. మూత్రం పోయగానే కొంచెం హాయిగా ఉంటుంది. సంచి నిండేకొద్దీ నొప్పి మళ్ళీ వస్తుంది.

మూత్రాశయానికి సంబంధించిన నొప్పి, ఒత్తిడి లేక ఇబ్బంది ఆరు వారాలకు పైగా ఉండి, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళవలసి వస్తూ, ఇన్ఫెక్షన్ గానీ వేరే కారణం గానీ కనిపించనప్పుడు డాక్టర్లు ఈ జబ్బు అని అనుకుంటారు.

ఇది కొత్త జబ్బు కాదు. అమెరికాలో బాల్టిమోర్‌కు చెందిన గై హన్నర్ అనే స్త్రీల వైద్యుడు 1915లోనే ఇటువంటి రోగుల మూత్రాశయంలో కనిపించే పుండ్లను గురించి రాశారు. వాటిని ఈనాటికీ "హన్నర్ పుండ్లు" అనే పిలుస్తారు. అయితే ఈ పుండ్లు కొద్దిమందిలోనే ఉంటాయి. ఎక్కువమందికి లోపల చూసినా పుండు కనిపించదు. అంతమాత్రాన వారి నొప్పి అబద్ధం కాదు.

ఎందుకు వస్తుంది?

ఒకే కారణం అని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. కొన్ని సంగతులు మాత్రం తెలుసు. మూత్రాశయం లోపలి గోడకు ఒక పలుచని జిగురు పూత ఉంటుంది. మూత్రంలోని ఘాటైన లవణాలు గోడకు తగలకుండా అది కాపాడుతుంది. కొందరిలో ఈ పూత దెబ్బతిని గోడ ఒరుసుకుపోతుందని డాక్టర్ల అభిప్రాయం. అక్కడి నరాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయి. కాలిన చేతికి గోరువెచ్చని నీళ్ళు తగిలినా చురుక్కుమంటుంది కదా, అలాగే కొద్దిపాటి మూత్రానికే సంచి బాధపడుతుంది. నొప్పికి భయపడి కటి కింది కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగుతు వల్ల నొప్పి ఇంకా ఎక్కువవుతుంది.

ఇది క్యాన్సరు కాదు. అంటుజబ్బు కాదు. భార్య నుండి భర్తకు, భర్త నుండి భార్యకు రాదు. ఎవరి తప్పు వల్లా, ఎవరి పాపం వల్లా వచ్చింది కాదు. స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది, కానీ పురుషులకు కూడా వస్తుంది. మగవారిలో దీనిని ప్రొస్టేట్ గ్రంథి వాపు అని పొరబడడం ఉంది.

లక్షణాలు ఎలా ఉంటాయి?

- పొత్తికడుపులో, మూత్రద్వారం దగ్గర, స్త్రీలకు యోనిలో, మగవారికి వృషణాల దగ్గర నొప్పి లేక బరువు
- సంచి నిండేకొద్దీ పెరిగి, మూత్రం పోశాక తగ్గే నొప్పి
- పగలు అరగంటకు, గంటకు ఒకసారి వెళ్ళడం, రాత్రి మూడు నాలుగు సార్లు లేవడం
- దాంపత్యంలో కలయిక సమయంలో, ఆ తర్వాత నొప్పి
- కొందరికి నెలసరికి ముందు ఎక్కువ కావడం
- కొన్ని వారాలు బాగుండి, హఠాత్తుగా మళ్ళీ తిరగబెట్టడం

ముందు చేయించవలసిన పరీక్షలు

ఈ జబ్బును తేల్చే ఒకే ఒక రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. ఇలాంటి బాధనే కలిగించే మిగతా జబ్బులు లేవని నిర్ధారించుకుంటూ రావాలి. అందుకే పరీక్షలు "వృథా ఖర్చు" అనుకోవద్దు.

మొదటిది యూరిన్ కల్చర్. దీనిని సరిగా ఇవ్వడం మీ చేతిలో ఉంది. శుభ్రమైన నీటితో కడుక్కోండి. మొదట వచ్చే కొంచెం మూత్రాన్ని వదిలేసి, మధ్యలో వచ్చేదానిని ల్యాబ్ వారు ఇచ్చిన సీసాలో పట్టండి. సీసా లోపల వేలు తగలనీయవద్దు. గంటలోపు ల్యాబ్‌లో ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యం, యాంటీబయోటిక్ మొదటి బిళ్ళ మింగకముందే ఇవ్వాలి. బిళ్ళలు వేసుకుని వచ్చి కల్చర్ ఇస్తే ఫలితాన్ని నమ్మలేము.

రెండవది షుగరు పరీక్ష. మూడవది కడుపు స్కానింగ్, మూత్రం పోసిన తర్వాత సంచిలో ఎంత మిగిలిందో కూడా చూస్తారు. రాళ్ళు ఉన్నా ఇందులో తెలుస్తుంది.

నాలుగవది మన దేశంలో ఎన్నడూ మరువరానిది, క్షయ. టి.బి. ఊపిరితిత్తులకే వస్తుందని అనుకోకండి. మూత్రపిండాలకు, మూత్రాశయానికి కూడా వస్తుంది. మూత్రంలో చీముకణాలు ఉండి, మామూలు కల్చర్‌లో ఏ క్రిమీ పెరగకపోతే టి.బి. పరీక్ష చేయించాలి. దానికి మందు ఉంది, పూర్తిగా నయమవుతుంది. ఆలస్యం చేస్తే సంచి కుంచించుకుపోతుంది.

మూత్రంలో రక్తం కనబడినా, చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటు ఉన్నా మూత్రాశయ క్యాన్సరు లేదని తప్పక చూసుకోవాలి. అవసరమైతే డాక్టరుగారు సిస్టోస్కోపీ చేస్తారు, అనగా సన్నని గొట్టంతో సంచి లోపల చూడడం. హన్నర్ పుండు ఉంటే ఇందులో కనబడుతుంది. ఆ పుండును కాల్చడం గానీ అందులో ఇంజక్షన్ ఇవ్వడం గానీ చేస్తే చాలామందికి నొప్పి బాగా తగ్గుతుంది.

గర్భసంచి తీయించుకునే ముందు ఒక్కమాట

ఈ మాట మేము బరువైన మనసుతో రాస్తున్నాము. పొత్తికడుపు నొప్పి అనగానే "గర్భసంచి తీయించేస్తే పీడ పోతుంది" అనే ఆలోచన మన పల్లెల్లో బలంగా ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసివేసి ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మందికి, తెలంగాణలో దాదాపు ఎనిమిది మందికి తీసివేశారు. ఈ ఆపరేషను కొందరికి నిజంగా అవసరమే. కానీ నొప్పి మూత్రాశయానిదైతే గర్భసంచి తీసినా ఆ నొప్పి అలాగే ఉంటుంది. అప్పు మిగులుతుంది, నొప్పీ మిగులుతుంది.

కాబట్టి ఎవరైనా ఆపరేషను చేయించుకోమంటే డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి: "నా గర్భసంచిలో ఉన్న జబ్బు పేరేమిటి? నొప్పి మూత్రాశయం నుండి రావడం లేదని ఎలా తెలుసు? ఇంకో డాక్టరుకు చూపించుకునేంత వ్యవధి ఉందా?" అడగడం అమర్యాద కాదు, మీ హక్కు. సంచి నిండినప్పుడు పెరిగి, పోశాక తగ్గే నొప్పి అయితే ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

మూత్రం డైరీ రాయండి

మీరు డాక్టరుగారికి ఇవ్వగలిగిన మంచి సమాచారం ఇదే. మూడు రోజులపాటు ఒక పాత నోటుబుక్కులో రాయాలి. కొలతగీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి దీనికే కేటాయించుకోండి. ఇలా రాయండి:

ఉదయం 6:00 – 150 మి.లీ. – నొప్పి 6
ఉదయం 6:30 – టీ ఒక గ్లాసు
ఉదయం 7:15 – 80 మి.లీ. – నొప్పి 8

నొప్పి అసలు లేకపోతే 0, భరించలేనంత ఉంటే 10. చదువు రాని పెద్దమ్మలకు పిల్లలు రాసిపెట్టవచ్చు. ఈ మూడు రోజుల పుస్తకం చూస్తే సంచి ఎంత పట్టుకుంటున్నదో, ఏది తిన్నాక బాధ పెరిగిందో మీకే తెలిసిపోతుంది. చికిత్స మొదలుపెట్టిన రెండు నెలలకు మళ్ళీ రాస్తే ఎంత మెరుగైందో కూడా తెలుస్తుంది.

తిండి విషయం

ఈ జబ్బు ఉన్నవారిలో చాలామందికి కొన్ని పదార్థాలు పడవు. అందరికీ ఒకటే జాబితా పనిచేయదు. తరచుగా ఇబ్బంది పెట్టేవి ఇవి: కాఫీ, టీ, కూల్‌డ్రింకులు, సారాయి మొదలైన మత్తుపానీయాలు, టమాటా, నిమ్మ, నారింజ, బత్తాయి, ఎక్కువ కారం, షుగరు లేని కృత్రిమ తీపి బిళ్ళలు, విటమిన్ సి బిళ్ళలు. మన వంటలో ఉండే చింతపండు పులుసు, గోంగూర, ఆవకాయలను కూడా అనుమానించి చూడాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. "వేడి తగ్గాలి" అని బార్లీ నీళ్ళలో, సబ్జా నీళ్ళలో నిమ్మకాయ పిండుకుని తాగుతారు. ఈ జబ్బు ఉన్నవారికి ఆ నిమ్మరసమే మంటను పెంచవచ్చు. బార్లీ నీళ్ళు తాగండి, నిమ్మకాయ మానండి.

ఇలా చేయండి. మూడు వారాలపాటు పైన చెప్పినవన్నీ మానండి. ఈ రోజులలో ఇడ్లీ, పెసరపప్పు, సొరకాయ, బీరకాయ, పొట్లకాయ కూరలు, అన్నంలో పాలు, పులవని మజ్జిగ, రాగిజావ, పుచ్చకాయ వంటివి తీసుకోండి. బాధ తగ్గితే మానినవాటిలో ఒక్కొక్కటే, మూడు రోజులకు ఒకటి చొప్పున తిరిగి తిని చూడండి. నొప్పి తెచ్చిన దానినే శాశ్వతంగా మానండి. మిగతావి నిశ్చింతగా తినండి. అన్నీ మానేసి నీరసపడడం మంచిది కాదు. మూడు వారాలలో ఏ మార్పూ లేకపోతే మీ జబ్బుకు తిండితో సంబంధం లేదని అర్థం. అప్పుడు పథ్యం అక్కరలేదు.

నీళ్ళు, అలవాట్లు, వ్యాయామం

మూత్రానికి వెళ్ళవలసి వస్తుందని నీళ్ళు మానేసేవారు ఉన్నారు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి ఇంకా మండుతుంది. రోజుకు లీటరున్నర నుండి రెండు లీటర్లు, ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువ, ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా తాగండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతనే పాటించాలి. ఉపవాస ప్రార్థనలో ఉన్నా నీళ్ళు మానకండి.

నొప్పి కొంత అదుపులోకి వచ్చాక సంచికి ఓపిక నేర్పాలి. ఇప్పుడు అరగంటకు ఒకసారి వెళ్తుంటే, ఈ వారం నలభై నిమిషాలకు, వచ్చే వారం యాభై నిమిషాలకు, అలా పదేసి నిమిషాలు పెంచుకుంటూ పోండి. నొప్పి తీవ్రంగా ఉన్న రోజున బలవంతం చేయవద్దు.

కటి కండరాలను బిగించే వ్యాయామాలు కాన్పు తర్వాత మేమే నేర్పుతాము. ఈ జబ్బులో కండరాలు బిగుసుకుని నొప్పిగా ఉంటే అవి చేయకూడదు. కావలసింది కండరాలను వదులు చేయడం. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, కడుపు ఉబ్బేలా నెమ్మదిగా గాలి పీల్చి, ఇంకా నెమ్మదిగా వదలండి. పూటకు పది నిమిషాలు చాలు. ఫిజియోథెరపీలో ఇందుకు శిక్షణ ఉన్నవారు దొరికితే ఇంకా మంచిది. మలబద్ధకం రానీయవద్దు, అది కూడా నొప్పిని పెంచుతుంది.

మందులు

కల్చర్‌లో క్రిమి లేనప్పుడు యాంటీబయోటిక్స్ మళ్ళీ మళ్ళీ వాడడం వల్ల ప్రయోజనం లేదు. పైగా నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చిన రోజున ఆ మందు పనిచేయకుండా పోతుంది.

డాక్టరుగారు అమిట్రిప్టిలిన్ అనే బిళ్ళను తక్కువ మోతాదులో, తరచుగా రాత్రికి 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. ఇది మానసిక వ్యాధులకు కూడా వాడే మందు కావడంతో చీటీ చూసి "నన్ను పిచ్చిదాన్ననుకున్నారా" అని బాధపడేవారు ఉన్నారు. అలా కాదు. తక్కువ మోతాదులో ఇది నరాల నొప్పిని తగ్గిస్తుంది. నోరు ఎండడం, మగత, మలబద్ధకం ఉండవచ్చు. పని కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే మానేయకండి. గుండెజబ్బు, కంటిలో నీటికాసులు, మూత్రం ఆగిపోయే ఇబ్బంది ఉన్నవారు ముందే చెప్పాలి.

పెంటోసాన్ అనే మందుకు 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎక్కువకాలం వాడినవారిలో కొందరికి కంటి రెటీనా దెబ్బతింటున్నదని 2018 నుండి గమనించారు. కాబట్టి ఈ మందు వాడేవారు కంటిపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. చూపులో తేడా వస్తే వెంటనే చెప్పాలి.

బిళ్ళలతో చాలనివారికి సన్నని గొట్టం ద్వారా మందును నేరుగా మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. మందు కొంతసేపు లోపల ఉంచుకుని తర్వాత మూత్రం పోసేయాలి. సాధారణంగా ఇది వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాలు చేస్తారు. వీటికీ లొంగని నొప్పికి పెద్ద ఆసుపత్రులలో ఇంకా కొన్ని చికిత్సలు ఉన్నాయి.

నొప్పి బిళ్ళలు సొంతంగా నెలల తరబడి వాడకండి, కిడ్నీలు చెడతాయి. మూత్రం మంటకని సోడా ఉప్పు, సిరప్‌లు కూడా బి.పి., కిడ్నీ జబ్బు ఉన్నవారు అడగకుండా తీసుకోరాదు.

నొప్పి ఎక్కువైన రోజున

ఒక గ్లాసు మంచినీళ్ళు తాగండి. పొత్తికడుపు మీద వేడినీళ్ళ సంచిని గుడ్డ చుట్టి పెట్టుకోండి. కొందరికి చల్లని కాపడమే హాయిగా ఉంటుంది, ఏది పడితే అది. వదులు బట్టలు వేసుకోండి. పైన చెప్పిన శ్వాస వ్యాయామం చేయండి. బరువు పనులు ఆ పూట మరొకరికి అప్పగించండి. ఈ నొప్పి వచ్చినట్టే తగ్గుతుందని మనసుకు చెప్పుకోండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

- చలిజ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు
- మూత్రంలో రక్తం
- మూత్రం పూర్తిగా ఆగిపోవడం
- బరువు తగ్గిపోవడం, సాయంత్రపు జ్వరం
- గర్భిణికి మూత్రంలో మంట
- బ్రతకాలని లేదనే ఆలోచన

ఈ చివరిదానిని దాచుకోవద్దు. నిద్ర లేని నొప్పి మనిషిని అంతదూరం తీసుకువెళ్తుంది. అది విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. మాకు చెప్పండి, లేదా ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.

కుటుంబానికీ సంఘానికీ మా మనవి

భర్తలారా, మీ భార్య దగ్గరకు రావడానికి భయపడుతున్నదంటే అది అయిష్టం కాదు, నొప్పి. ఆమెతో కలిసి ఆసుపత్రికి రండి. డాక్టరుగారు చెప్పేది మీరు కూడా వినండి. అత్తమ్మలారా, కోడలు రాత్రి నాలుగుసార్లు లేచిందంటే తెల్లవారి ఆలస్యంగా లేవడంలో వింత ఏముంది?

ఈ జబ్బున్నవారు ముందుగా మానుకునేది బస్సు ప్రయాణం, తర్వాత పెళ్ళిళ్ళు, ఆఖరున ఆదివారపు ఆరాధన. మూడు గంటల కూడికలో రెండుసార్లు లేచి వెళ్తే అందరూ తలతిప్పి చూస్తారని భయం. సంఘపెద్దలు చేయగలిగినవి చిన్నవే. తలుపు దగ్గర రెండు కుర్చీలు వేయించండి. మరుగుదొడ్డి శుభ్రంగా, నీళ్ళతో, లోపల గడియతో ఉండేలా చూడండి. లేచి వెళ్ళినవారిని వేదిక మీదనుండి మందలించకండి. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టి, జనంలో చాటుగా వచ్చిన స్త్రీని గురించి మనకు సువార్తలో తెలుసు. ప్రభువు ఆమెను అందరి ముందు "కుమారీ" అని పిలిచాడే గానీ సిగ్గుపరచలేదు. మనమూ అంతే చేయాలి.

ఇది పూర్తిగా నయమవుతుందా?

సూటిగా చెబుతున్నాము. అందరికీ వేళ్ళతో సహా పోతుందని మాట ఇవ్వలేము. "ఒక్క కోర్సుతో శాశ్వత నివారణ" అని గోడల మీద రాసేవారిని నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. కానీ బి.పి., షుగరు లాగానే దీనిని అదుపులో పెట్టుకోవచ్చు. తిండి, నీళ్ళు, వ్యాయామం, మందు కలిసి పనిచేస్తే ఎక్కువమంది రాత్రి నిద్రపోగలుగుతారు, పనికి వెళ్ళగలుగుతారు. పెళ్ళికాని పిల్లలు పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లలను కనవచ్చు. గర్భం నిలిచే ఆలోచన ఉంటే ముందుగా డాక్టరుతో చెప్పి మందులు మార్పించుకోవాలి.

మీకు గానీ మీ ఇంట్లోవారికి గానీ ఆరు వారాలకు మించి ఇటువంటి బాధ ఉంటే, పాత చీటీలు, రిపోర్టులు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని, మూడు రోజుల డైరీతో ఓ.పి.కి రండి. డాక్టరుగారి గదికి ముందు మా సిస్టర్లలో ఎవరితోనైనా "మూత్రం ఇబ్బంది" అని ఒక్కమాట చెబితే చాలు. పక్కకు తీసుకువెళ్ళి విడిగా మాట్లాడతారు. చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన జబ్బు ఏదీ లేదు. ప్రభువు మీకు స్వస్థతను, సమాధానాన్ని దయచేయును గాక.